మగ్గం అర్రకు సిమెంటు నేల

మా వంటింటి గోడ మీద ఇప్పుడు పద్నాలుగు పెన్సిల్ గీతలున్నాయి. రోజూ పొద్దున చాయ్ పెట్టుకునే ముందు తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఒక గీత గీస్తాను. పని మొదలుపెట్టిన రోజు తడి నల్లా కింద జానెడు మేర ఉండేది. అక్కడి ప్లాస్టరు ఉలితో కొట్టి, ఇటుక కనబడేదాకా గీకి, మూడు రోజులు ఆరనిచ్చి కొత్త సిమెంటు మాలు పూశాను. నల్లా కింద తడి మాయమైంది. నేను సంతోషపడి పొరుగావిడను పిలిచి చూపించాను కూడా. మర్నాడు అది కారం డబ్బాలుండే అర పైన తేలింది. అర ఊడదీసి అక్కడా గీకాను. ఇప్పుడు కిటికీ వైపు నడుస్తోంది. ఎక్కడ మూస్తే అక్కడినుంచి లేచి ఇంకో చోటికి పోయే ఈ నీళ్లు ఎక్కడినుంచి బయలుదేరుతున్నాయో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. గోడ వెనక స్నానాల గది ఉంది, నిజమే. కానీ ఆ గది రెండు రోజులు వాడకుండా తాళం వేసి చూశాను. తడి ఆగలేదు.

మేస్త్రీ దొరకక కాదు, నేనే పిలవలేదు. ఏడో తరగతితో బడి మానేసి మిగతా చదువంతా గ్రంథాలయం బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషిని. పుస్తకం చూసి మనిషి చేయలేని పని ఉండదని నా నమ్మకం. కుర్చీకి కొత్త నవారు అల్లడం, ఫ్యాను కెపాసిటర్ మార్చడం, సెప్టిక్ ట్యాంకు మూత పోయడం, అన్నీ అట్లాగే నేర్చుకున్నాను. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మా ఆయనకు ఈ నమ్మకం లేదు. "గోడ మంచిగనే ఉండె. నువ్వు చదివినంకనే దానికి రోగం వచ్చింది" అంటాడు, ముందు గదిలోంచి, లేవకుండా.

ఈ గందరగోళంలో ఉండగా మా తమ్ముడు రాజేశం వచ్చాడు. వాడు సిరిసిల్లలో ఉంటాడు. నిరుటిదాకా సాంచెలు నడిపాడు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. కన్ను చూపించుకోవడానికి కరీంనగర్ వచ్చి మా ఇంట్లో దిగాడు. సంచీ కింద పెట్టకముందే వంటింట్లోకి తొంగి చూసి, ఇటుకలు బయటపడ్డ గోడనూ, ముక్కుకు తువ్వాల కట్టుకుని స్టూలు మీద నిలబడ్డ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏందక్కా గిది? ఇల్లు కడుతున్నవా, కూలగొడుతున్నవా?"

"తడి పట్టిందిరా. తీసేస్తున్న."

"తీసేస్తే పోతదా?"

"ఎందుకు పోదు? పుస్తకంల ఎట్లున్నదో అట్లనే చేస్తున్న."

"అమ్మో, మల్ల పుస్తకమేనా!" వాడు పెద్దగా నవ్వాడు. "బాపు మగ్గం అర్ర సాలలేదా నీకు?"

వాడికి అది నవ్వులాట మాట. నేను మాత్రం స్టూలు దిగాను. నలభై ఏళ్లు దాటింది, మా ఇంట్లో ఎవరూ నా ముందు ఆ అర్ర మాట ఎత్తలేదు.

సిరిసిల్లలో మా పుట్టింట్లో మూడు అర్రలు, అంటే గదులు, ఉండేవి. అందులో పెద్దది మనుషులది కాదు, మగ్గానిది. నేలలో నడుం లోతు గుంట, గుంట అంచున మా తండ్రి, బాపు, కూర్చునే పలక, లోపల కాళ్లతో తొక్కే చెక్కలు. మిగతా ఇంట్లో ఎండ ఎంత మండినా ఆ అర్రలోకి అడుగుపెడితే అరికాళ్లు చల్లబడేవి. మట్టి నేల. వారానికోసారి అవ్వ, అంటే మా అమ్మ, ఎర్రమట్టీ పేడా కలిపి అలికేది, నాకు చేతులు ఎదిగాక ఆ పని నాకు వచ్చింది. పొద్దున్నే బాపు కడవతో నీళ్లు తెచ్చి గుంట చుట్టూ చిలకరించేవాడు. ఎండాకాలమైతే గోనె సంచులు తడిపి గుంట గోడలకు వేలాడదీసేవాడు. పడుగుకు పెట్టిన గంజి పులుపు, పేడ, తడి మట్టి అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. ఊళ్లో వాన పడని రోజుల్లో కూడా మా ఇంట్లో వాన పడ్డ వాసన ఉండేది. మగ్గంలో దిగేముందు బాపు పడుగులో ఒక పోగును వంగి పెదవులకు ఆనించుకునేవాడు. దండం పెట్టుకున్నట్టు అదొక భక్తి అనుకునేదాన్ని. ఎందుకని ఏనాడూ అడగలేదు. పుస్తకాలను అడిగినన్ని ప్రశ్నలు నేను ఇంట్లోవాళ్లను అడగలేదని ఇప్పుడనిపిస్తుంది.

మా తాత ఇంటిముందు పంచలో, సాయబాన్ కింద, నులక మంచం మీద ఉండేవాడు. యాభై ఏళ్లు ఆ గుంటలో కాళ్లు పెట్టి నేసిన మనిషి. మోకాళ్లు బిగుసుకుపోయి లేచి లోపలికి రాలేడు. కానీ మగ్గంతో ఆయన సంబంధం తెగలేదు. బయట పడుకునే, సప్పుడును బట్టి నేత ఎట్లా నడుస్తుందో చెప్పేవాడు. పోగు తెగితే, బాపు వంగి వెతికేలోపే, మంచం మీదనుంచి "తెగింది, ఎడమ దిక్కు చూడు" అని కేకేసేవాడు. మా వాడకట్టులో అప్పటికే చాలామంది గుంటలు పూడ్చి సాంచెల షెడ్డుల్లో పనికి పోతున్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే తాత మూతి తిప్పుకునేవాడు. "నా పానం ఉన్నంతదాక గీ ఇంట్ల మగ్గం సప్పుడు ఆగద్దు. ఆగిన్నాడు నన్ను సుత ఎత్తుకపోండ్రి" అనేవాడు. బాపు తల వంచుకుని నేస్తుండేవాడు. బాపు తాతకు ఎదురు చెప్పడం నేను వినలేదు, ఆఖరుకు కూరలో ఉప్పు గురించి కూడా.

బడి మానేశాక, కూలికి నూలు కండెలు చుట్టి సేటు ఇంట్లో అప్పజెప్పి వచ్చే దారిలో గ్రంథాలయం ఉండేది. అక్కడ ఆడపిల్లలు ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. గ్రంథాలయం సారు మంచివాడు. పేపరు చదివే మగవాళ్లు లేచిపోయే వేళకు నన్ను రానిచ్చేవాడు. ఏ పుస్తకం ముందు చదవాలో చెప్పేవాళ్లు లేక, అల్మారాలో ఎడమ కొసనుంచి మొదలుపెట్టి వరుసగా చదువుకుంటూ పోయాను. తేనెటీగల పెంపకం, పురాణం, డిటెక్టివ్ నవల, పశువుల జబ్బులు, ఏది వస్తే అది. అట్లా ఒకనాడు అట్ట ఊడిపోయిన సన్నని పుస్తకం చేతికొచ్చింది. ఇల్లు ఆరోగ్యంగా ఉంచుకోవడం, చిన్న చిన్న మరమ్మతులు మనమే చేసుకోవడం గురించి, బొమ్మలతో సహా. మట్టి నేల దీపం వత్తి నూనెను పీల్చినట్టు భూమిలోని నీటిని పైకి పీలుస్తుందనీ, ఆ తడి మీద బతికే మనుషులకు కీళ్లు పట్టేస్తాయనీ, దగ్గు పోదనీ అందులో ఉంది. మూడుసార్లు చదివాను. తాత మోకాళ్లు గుర్తొచ్చాయి. సాయంత్రం గుంటలోంచి లేచేటప్పుడు నడుం పట్టుకుని కాసేపు వంగే ఉండిపోయే బాపు గుర్తొచ్చాడు. ఇంతకాలం మా ఇంట్లో దొంగ కాళ్ల కిందే ఉన్నాడు, ఎవరూ చూడలేదు! తాతకు ఎట్లాగూ ఆలస్యమైంది, బాపునైనా కాపాడుకోవాలి. నేను చదువుకున్నదాన్ని కనుక అది నా పని అనుకున్నాను.

శివరాత్రి రద్దీ తగ్గాక అవ్వా బాపూ రాజేశాన్ని తీసుకుని వేములవాడ పోయారు, గుడికి కోడెను కట్టే మొక్కు ఉండి. గుడి దగ్గర ఒక నిద్ర చేసి మర్నాటి సాయంత్రానికి వస్తామన్నారు. తాతను చూసుకోవడానికి నేను ఆగాను. పక్కింటివాళ్లు స్నానాల అర్ర కట్టుకోగా మిగిలిన సిమెంటు గడ్డ కట్టిపోతుందని ఎవరికిద్దామా అని చూస్తున్నారు. వాళ్ల ఇంటిముందే మానేరు ఇసుక కుప్ప. ఇంకేం కావాలి? పుస్తకంలో చెప్పినట్టే చేశాను. పైమట్టి గడ్డపారతో లేపాను, ఇటుక ముక్కలు పరిచి రోకలితో దంచాను, ఇసుక పోశాను, మాలు కలిపి గోడ దిక్కునుంచి పూసుకుంటూ వచ్చాను. లోపల ఆ చప్పుళ్లకు తాత ఊరుకోలేదు.

"ఓ పొల్లా! లోపట గా దంచుడేందే?"

"అలుకుతున్న తాతా!"

"అలుకుడుకు గింత సప్పుడా? నేల అలుకుతున్నవా, నేలతోని కొట్లాడుతున్నవా?"

మర్నాటి సాయంత్రం వాళ్లు వచ్చేసరికి సగం అర్ర, గుంట అంచుకు ఇవతలిదాకా, సిమెంటు నేలగా తయారై ఉంది. నేను మోచేతులదాకా మాలుతో దర్వాజలో నిలబడ్డాను. అవ్వ చేతిలో ప్రసాదం పొట్లం అట్లాగే పట్టుకుని "ఓ నా కర్మా, ఏం జేసినవే!" అని నెత్తి కొట్టుకుంది. బాపు గొంతుకూర్చుని అరచెయ్యి నేలమీద పెట్టి చాలాసేపు ఉంచాడు.

"నీకెట్ల తెలుసే గీ పని?" అన్నాడు.

"పుస్తకంల ఉన్నది బాపు. గిట్ల చేస్తే తడి పోతది. నీకు నడుం నొప్పి రాదు, తాత లెక్క మోకాళ్లు పట్టయి."

బాపు తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా ముందుంది, కానీ ఏం చూపో చెప్పలేను. తరువాత మెల్లగా అడిగాడు.

"ఇంక సిమెంటు ఉన్నదా?"

మర్నాడు పొద్దున మిగతా సగం బాపే వేశాడు. అంగీ విప్పి, నేను మాలు అందిస్తుంటే, గుంట అంచుదాకా ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా, చప్పుడు కాకుండా పూశాడు. అవ్వ దర్వాజ దగ్గరకు వచ్చి, తాతకు వినబడకుండా, "ఏందయ్యా, తెలిసే చేస్తున్నవా నువ్వు?" అంది. "నువ్వు పొయ్యి బువ్వ వండుపో" అన్నాడు బాపు. నా చిన్నతనంలో నేను అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు. బాపు చదువుకోలేదు, నేను చదివిన పుస్తకాన్ని నమ్మాడు. నన్ను నమ్మాడు.

సిమెంటు గట్టిపడేదాకా నీళ్లు కొడుతూ ఉన్నాం కనుక మొదట్లో ఏమీ తేడా తెలియలేదు. ఎండలు ముదిరాక మొదలైంది. నూలు పోగు తేమ మీద బతుకుతుంది. గాలి ఆరిపోతే పెళుసుబారి తెగుతుంది. గుంట మగ్గాన్ని భూమిలో పెట్టిందీ, మట్టి నేలను తడిపిందీ, గోనె సంచులు వేలాడదీసిందీ, పొద్దున్నే పోగులో తేమ చూడడానికి పెదవులకు ఆనించిందీ అందుకే. ఈ ముక్క తెలియడానికి సాలె ఇంట్లో ఎవరికీ పుస్తకం అక్కర్లేదు. పుస్తకం చదివిన నాకే తెలియలేదు. టకటకమని ఒకే వరుసలో నడిచే మగ్గం ఇప్పుడు నాలుగు అడుగులు వేసి ఆగే ముసలివాడి నడకలాగా అయింది. బయటనుంచి తాత, "తెగింది... మల్ల తెగింది... ఓరి, ఏం నేత్తున్నవురా!" బాపు పొద్దున్నే కడవలకు కడవలు నీళ్లు తెచ్చి నేల మీద పోసేవాడు. నున్నటి నేల కనుక అవి లోపలికి ఇంకేవి కావు. జారి గుంటలోకి పోయేవి. బాపు చీలమండలదాకా నీళ్లలో కాళ్లు పెట్టి నేసేవాడు, పైన గాలి మాత్రం పొడిగానే ఉండేది. నేను మళ్లీ గ్రంథాలయానికి పరుగెత్తి ఆ పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు తిరగేశాను. నూలు మాట ఎక్కడా లేదు. అది ఇళ్లలో మనుషులు బతుకుతారనుకుని రాసిన పుస్తకం. మా ఇంట్లో మనుషులకంటే ముందు నూలు బతకాలి.

ఒక రోజు బాపు గుంటలోంచి లేచి, కాళ్లు తుడుచుకుని, తాత మంచం పక్కన నిలబడ్డాడు. నేను దర్వాజ వెనకనుంచి విన్నాను. "పడుగు నిలుస్తలేదు నాయినా. పొల్ల తెలువక సిమెంటు ఏసింది. ఇగ నాతోని కాదు. సాంచె మీదికి పోత." తాత "ఏసింది పొల్లనా?" అని మాత్రం అడిగాడు. "ఔ" అన్నాడు బాపు. సగం తను వేసిన సంగతి చెప్పలేదు. నేనూ బయటికి వచ్చి చెప్పలేదు. నన్ను నమ్మినందుకే కదా ఈ గతి పట్టింది, మళ్లీ నేనెట్లా చెప్తాను?

ఆ రోజునుంచి తాత నా చేతి నీళ్లు తాగలేదు. గ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడితే గోడ వైపు తిరిగి, "మీ అవ్వను రమ్మను" అనేవాడు. తిట్టలేదు, కొట్టలేదు. రెండు వానకాలాలు బతికాడు తాత. ఒకనాడు అవ్వ ఊళ్లో లేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే నీళ్లు తీసుకెళ్లాను. గొంతు ఆరిపోయి మాట రాని మనిషి, చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి, పక్కింటావిడను పిలుచుకొచ్చి అవే నీళ్లు ఆమె చేత ఇప్పించాను. తాత పోయాక కూడా ఎవరికైనా మంచినీళ్లు అందించేటప్పుడు ఒక్క క్షణం నా చెయ్యి ఆగేది. పెళ్లయి కరీంనగర్ వచ్చాక ఇక్కడెవరికీ ఈ కథ తెలియదు కనుక మెల్లగా ఆ అలవాటు పోయింది.

ఇదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర రాజేశంతో అనలేదు. ఒక్కటే అన్నాను.

"నన్ను నమ్మి చెడిపోయిండురా బాపు."

వాడు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "నిన్ను నమ్మిండా? ఏందక్కా, నిజంగనే తెల్వదా నీకు?"

"ఏం తెల్వాలె?"

"సిమెంటు ఏస్తే పోగు నిలువదని బాపుకు తెల్వదా? మగ్గం కాడ పుట్టినోడాయె. అడ్డగోలుగ మాట్లాడుతవు."

"మరి తెలిసి ఎట్ల ఏసిండు?"

"సాంచె మీదికి పోవాలని ఆయినకు ఎన్నడో మనసుల వడ్డది. తాత పోనియ్యడు. తాతకు ఎదురు చెప్పే దమ్ము లేదు. నువ్వు సగం ఏసి పెట్టినవు. తతిమ్మ సగం ఆయిన ఏసుకున్నడు. గంతే." వాడు చెయ్యి కంచంలో పెట్టి గొంతు కొంచెం తగ్గించి అన్నాడు. "నేను షెడ్డుల పనికి కుదిరిన కొత్తల ఒకసారి చెప్పిండక్కా. 'అక్క మీద పెట్టి బయటపడ్డరా నేను' అన్నడు."

"కల్లు తాగి ఉండెనా?"

"జరంత."

"తాగినోని మాటలు పట్టుకుంటవా?"

"తాగినప్పుడు గాక బాపు ఎన్నడు మాట్లాడిండో చెప్పు!"

అది నిజమే. అయినా అడిగాను. "మరి నీళ్లెందుకు పోసిండురా? పొద్దుపొద్దున కడవలకు కడవలు?"

"తాతకు వినవడాలని కావచ్చు. తిప్పలు పడుతున్నట్టు."

ఆ మాట నా మనసుకు ఎక్కబోయింది, కానీ ఎక్కలేదు. ఎందుకంటే నేను చూసింది వాడు చూడలేదు. మధ్యాహ్నం పూట, తాత గురకపెట్టి నిద్రపోయే వేళ, బాపు నోట్లో నీళ్లు పట్టుకుని చాకలి బట్టల మీద ఊదినట్టు పడుగు పొడవునా తుంపరలుగా ఊదుకుంటూ పోయేవాడు. మళ్లీ చెంబెత్తి నోరు నింపుకునేవాడు, మళ్లీ ఊదేవాడు. ఎవరూ వినేది లేదు, చూసేది లేదు. తలుపు సందునుంచి నేనొక్కదాన్ని చూశాను. బయటపడదామనుకున్న మనిషి అట్లా ఎందుకు చేస్తాడు? వద్దనుకుని పోగొట్టుకున్నది, పోతున్నప్పుడు కావాలనిపించిందా? లేక చేసినదానికి ఆ మగ్గానికే జవాబు చెప్పుకుంటున్నాడా? ఇంతకాలం నా బరువు నాకు బాగా తెలుసు. తెలియక తప్పు చేశాను, నమ్మినవాణ్ణి ముంచాను. దానికొక ఆకారం ఉండేది. ఇప్పుడు రాజేశం దాన్ని నా నెత్తిమీదనుంచి దించాడు. దించినచోట నేను తేలికపడాలి. కానీ నన్ను నమ్మిన బాపు కూడా దానితోపాటే దిగిపోయాడు. ఏది పెద్ద నష్టమో లెక్క తేలడం లేదు.

"ఆ నేల ఇంక ఉన్నదారా?" అన్నాను.

"ఉన్నది. నువ్వు ఏసిన దిక్కు పగుళ్లు వచ్చినయి. బాపు ఏసిన దిక్కు ఏం కాలే, ఇప్పటికి అద్దం లెక్కనే ఉన్నది." వాడు నా ముఖం చూశాడు. "బాపు మీద గుస్సైతున్నవా అక్కా?"

"తెలుస్తలేదురా."

నిజంగానే తెలియలేదు. ఈ రోజుల్లో మా మనవరాలికి పాలు ఏ గ్లాసులో పోయాలన్నా దాన్ని అడిగి పోస్తున్నారు. ఆ కాలంలో ఆడపిల్లను ఏదీ అడిగేవాళ్లు కాదు, అందులో వింత లేదు. అయినా ఊహించుకుంటాను. మాలు కలిపిన ఆ పొద్దున బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "బిడ్డా, నాకు గీ గుంటలకెళ్లి బయటపడాలని ఉన్నది. తాతకు నీ పేరు చెప్త. మోస్తవా?" అని అడిగి ఉంటే? ఆయన మాట పూర్తికాకముందే సరే అనేదాన్ని. తాత నీళ్లు తాగకపోయినా లోలోపల నవ్వుకుంటూ గ్లాసు అవ్వకు అందించేదాన్ని. అదే నింద, అవే రెండు వానకాలాలు, కానీ బాపుకూ నాకూ మధ్య ఒక రహస్యంగా ఉండేది. అడగకపోవడం వల్ల అది నాకొక్కదానికే మిగిలింది. నేను సరే అంటానని ఆయనకు తెలుసు. తెలిసినందుకే అడగలేకపోయాడేమో. ఇది కూడా నేను ఆయనను వెనకేసుకొచ్చి చెప్పుకుంటున్న మాటేనేమో.

మర్నాడు కన్ను డాక్టరుకు చూపించాక వాణ్ణి బస్సెక్కించడానికి పోయాను. కిటికీ పక్కన కూర్చుని వాడు తల బయటపెట్టాడు.

"ఇగ గదే ఆలోచన చేసుకుంట కూసోకు. ఎవలని అడుగుతవు? అందరు పోయిరి."

"నువ్వు చెప్పకపోయినా మంచిగుండేదిరా" అన్నాను. ఆ వెంటనే, "చెప్పినవు, మంచి పని చేసినవు" అన్నాను.

"రెండు మాట్లాడకక్కా. ఏదో ఒక్కటి అను, మనసుల పెట్టుకుని పోత."

ఏదో ఒక్కటి అనడానికి నోరు తెరిచాను. డ్రైవరు గేరు వేశాడు. బస్సు ముందుకు కదిలితే కిటికీ పట్టుకుని నాలుగడుగులు దానితోపాటు నడిచాను. వాడు చెవి నా వైపు పెట్టి ఆగి ఉన్నాడు. బస్సు వేగం పెరిగి చెయ్యి జారిపోయేదాకా ఆ రెండు మాటల్లో ఏది అబద్ధమో నాకు దొరకలేదు.